పాత కరెంటు కారు దానమవుతుందా?



మన వాడల్లో ఇప్పుడు కార్లు కనిపిస్తున్నాయి. సింగరేణిలో, బడుల్లో, బ్యాంకుల్లో, కరెంటు ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళు కొనుక్కున్నారు. కాళ్ళకు చెప్పులేసుకుని దొర గడి ముందు నుంచి నడవలేని తరం ముందుంటే, కారు నడుపుకుంటూ పోయే తరం వెనక వచ్చింది. ఇది ఎవరి దయా కాదు. బాబాసాహెబ్ పోరాటం, మన తల్లిదండ్రుల చెమట తెచ్చిన ఫలం.

ఆ కార్లలో కొన్ని కరెంటు కార్లు. టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. ఆ తొలిరోజుల్లో కొన్న బండ్లు ఇప్పుడు పాతబడ్డాయి. ఒకసారి చార్జింగ్ పెడితే వెళ్ళే దూరం తగ్గింది. అమ్మబోతే బ్యాటరీ పేరు చెప్పి బేరగాడు ధర విరగ్గొడుతున్నాడు. అప్పుడొక ఆలోచన వస్తుంది: "భద్రాచలం అవతల అడవి ఊళ్ళల్లో సేవ చేసేవాళ్ళు ఉంటరు కదా, వాళ్ళకిచ్చేస్తే అయిపోతది. మనకు పుణ్యం, వాళ్ళకు బండి."

ఈ ఆలోచన మంచిదే. కానీ అది దానమవుతుందా, లేక వదిలించుకోవడమవుతుందా? ఇదే ఈ పుస్తకంలో మనం మాట్లాడుకోవలసిన ప్రశ్న.

మనకే ఎందుకు ఈ ప్రశ్న?

మిగతా వాళ్ళకు ఇది చిన్న విషయం కావచ్చు. మనకు కాదు. ఎందుకంటే మిగిలిపోయినదాన్ని తీసుకోవడం అంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు. సద్దికూడు, చిరిగిన బట్ట, చచ్చిన గొడ్డు. ఇవన్నీ "ఇచ్చినవే". ఇచ్చినవాడు తనను తాను ధర్మాత్ముడనే అనుకున్నాడు. తీసుకున్నవాడు చేతులు కట్టుకుని, దూరంగా నిలబడి తీసుకున్నాడు.

1927 మార్చి 19, 20 తేదీల్లో మహద్‌లో జరిగిన సభలో బాబాసాహెబ్ మన జనానికి చెప్పిన మాటల్లో ఇది ఒకటి: చచ్చిన పశువు మాంసం మానండి, పారేసిన కూడు మానండి. మరుసటి ఏడో, ఆ మరుసటి ఏడో చెప్పలేదు. చవదార్ చెరువు నీళ్ళు ముట్టుకునే ఆ సభలోనే చెప్పారు. నీళ్ళ హక్కు, పారేసిన కూడును కాదనడం రెండూ ఒకే పోరాటం అన్నమాట. ఆ కూడులో బలం లేదని కాదు ఆయన వద్దన్నది. ఆ కూడుతో పాటు ఒక మాట కూడా వచ్చేది: "నీ స్థానం ఇది." ఆ మాటను కాదనడానికే ఆ కూడును కాదనమన్నారు.

ఇప్పుడు ఇచ్చే చెయ్యి మనది. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో కోయ కుటుంబాలున్నాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న గొత్తికోయలున్నారు. మనకు పనికిరానిది వాళ్ళకు చాలులే అనుకున్న క్షణంలో, మనం కూర్చున్న కుర్చీ ఎవరిదో ఒక్కసారి చూసుకోవాలి. దొర పోయాడు, కుర్చీ మిగిలింది. అందులో మనం కూర్చోవడానికేనా 22 ప్రతిజ్ఞలు తీసుకున్నది? ఆ ప్రతిజ్ఞల్లో పది పారమితలను పాటిస్తాననేది కూడా ఉన్నది. ఆ పదిలో దానం ఒకటి.

తథాగతుడు దేన్ని తప్పన్నాడు?

అంగుత్తర నికాయంలో అయిదుల భాగంలో రెండు సుత్తాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి అసత్పురుషుల దానం గురించి, ఇంకొకటి సత్పురుషుల దానం గురించి. అసత్పురుషుడి దానానికి అయిదు గుర్తులు. గౌరవం లేకుండా ఇస్తాడు, ఎదుటి మనిషిని పట్టించుకోకుండా ఇస్తాడు, తన చేత్తో ఇవ్వడు, పారేయదగినదాన్ని ఇస్తాడు, దాని ఫలితం ఏమవుతుందో ఆలోచించకుండా ఇస్తాడు. సత్పురుషుడు నమ్మకంతో ఇస్తాడు, గౌరవంతో ఇస్తాడు, సమయానికి ఇస్తాడు, మనసు బిగపట్టకుండా ఇస్తాడు, తనకుగానీ ఇతరులకుగానీ హాని కలగకుండా ఇస్తాడు.

మన కారును ఈ గుర్తుల పక్కన పెట్టి చూడండి. రెండున్నర వేల ఏళ్ళ కిందటి మాటలు బండి తాళం మీదికి వచ్చి కూర్చుంటాయి.

అయితే ఒక అనుమానం రావచ్చు. "పారేయదగినది ఇవ్వొద్దు అంటే, పాతది ఇవ్వొద్దనేగా?" కాదు. పాతదనం మీద తథాగతుని సంఘానికి చిన్నచూపు లేదు. భిక్షువులు దుమ్ములో దొరికిన పేలికలు కుట్టుకుని చీవరంగా కట్టుకున్నారు. వినయపిటకంలో ఉదయన రాజు కథ ఉంది. ఆనందునికి అయిదు వందల వస్త్రాలు దానంగా వచ్చాయి. ఇన్ని ఏం చేసుకుంటారని రాజు అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు ఇస్తామన్నాడు ఆనందుడు. మరి వాళ్ళ పాతవి? పడక మీద పరిచే దుప్పట్లవుతాయి. ఆ పాత దుప్పట్లు? పరుపు గలేబులు. అవీ పాతబడితే? కింద పరుచుకోవడానికి, తర్వాత కాళ్ళు తుడుచుకోవడానికి, తర్వాత దుమ్ము దులపడానికి. చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం అన్నాడు. ఏ దశలోనూ ఆ గుడ్డ "చెత్త" కాలేదు. ప్రతి దశలో దాని సత్తువకు తగిన పని దొరికింది.

కాబట్టి తప్పు పాతదనంలో లేదు. దాని సత్తువ ఎంతో చూడకుండా, ఏ పనికి సరిపోతుందో అడగకుండా, ఎవరో ఒకరి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడంలో ఉంది.

బండి లెక్క, దారి లెక్క

సత్తువ చూడడమంటే లెక్క వేయడమే. 2020 నాటి నెక్సాన్ ఈవీకి 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ. కంపెనీ చెప్పిన దూరం 312 కిలోమీటర్లు. మన రోడ్ల మీద కొత్తగా ఉన్నప్పుడు సుమారు 200 అనుకోండి. బ్యాటరీ సత్తువ 70 శాతానికి వస్తే 140.

ఇప్పుడు దారి చూడండి. భద్రాచలం నుంచి చర్ల సుమారు 60 కిలోమీటర్లు. పోయి రావడానికి 120. చర్ల దాటి లోపలి గూడేనికి పోవాలంటే ఇంకొంత. ఎండాకాలం ఏసీ వేస్తే ఇంకా తగ్గుతుంది. అంటే పురిటి నొప్పుల తల్లిని ఎక్కించుకుని దారి మధ్యలో ఆగిపోయే బండిని మనం "అంబులెన్సుకు వాడుకోండి" అని ఇచ్చినట్టు. ఇంట్లో 15 యాంపియర్ల ప్లగ్గుకు పెడితే పూర్తి చార్జింగుకు ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. గూడెంలో కరెంటు అంతసేపు నిలకడగా ఉంటేనే ఆ లెక్క. వానాకాలం వాగులు పొంగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. అట్లాంటి రోజుల్లో దారీ ఉండదు, కరెంటూ ఉండదు.

అంటే ఆ బండి ఎందుకూ పనికిరాదా? అట్లా కాదు. ఆనందుని గుడ్డ గుర్తుంచుకోండి. తెలియని దూరం, తెలియని వేళ ఉన్న పనికి అది సరిపోదు. తెలిసిన దూరం, తెలిసిన రోజు ఉన్న పనికి చక్కగా సరిపోతుంది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పాతిక కిలోమీటర్ల చుట్టుపక్కలే. గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బున్న పిల్లలున్నారు. ఈ జబ్బును 2047 నాటికి లేకుండా చేయాలని కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ఒక జాతీయ మిషన్ ప్రారంభించింది. ఈ పిల్లలను పరీక్షలకు, మందులకు ఆసుపత్రికి తీసుకుపోవలసిన రోజు ముందే తెలుస్తుంది. రాత్రి చార్జింగ్ పెట్టి పొద్దున బయలుదేరవచ్చు. హాస్టలు పిల్లలను పరీక్ష సెంటరుకు దింపడం, వృద్ధులను కంటి ఆసుపత్రికి తీసుకుపోవడం కూడా ఇట్లాంటి పనులే. యూనిట్ కరెంటుకు ఆరేడు కిలోమీటర్లు నడిచే బండి కాబట్టి డీజిలు ఖర్చు కూడా మిగులుతుంది. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ లాంటి పట్టణాల్లో అయితే ఇంకా నయం. అడవికిస్తేనే పుణ్యం ఎక్కువ అనేది మన ఊహ. బండికి తగిన చోటే దానానికి తగిన చోటు.

ఇదంతా ఎవరికి తెలుస్తుంది? తీసుకునేవాళ్ళకు. అందుకే ముందు అడగాలి. విశాఖ అట్లాగే చేసింది. సంఘానికి వానాకాలపు వస్త్రాలు, రోగులకు మందులు, రోగులను చూసుకునేవాళ్ళకు అన్నం, ఇట్లా ఎనిమిది దానాలకు తథాగతుని అనుమతి అడిగింది. ప్రతిదానికీ తను కళ్ళారా చూసిన ఒక అవసరాన్ని చెప్పింది. తన ఇంట్లో ఏం మిగిలిందో చూసి అడగలేదు. వాళ్ళకు ఏం కొరత ఉందో చూసి అడిగింది.

భారం ఎవరి మీద పడుతుంది?

"తనకుగానీ ఇతరులకుగానీ హాని కలగకుండా" అన్న మాట ఇక్కడ బాగా పనిచేస్తుంది.

ముందు తన సంగతి. తాళాలిచ్చి, ఫోటో దిగి, కాగితాలు మార్చకుండా వచ్చేసేవాళ్ళు ఉంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం యాజమాన్యం బదిలీని ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేయాలి. దానికి ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే ప్రమాదంలో నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. కాబట్టి కాగితం మార్చని దానం ఇచ్చినవాడికీ ముప్పే, దెబ్బ తగిలినవాడికీ అన్యాయమే.

ఇక తీసుకునేవాళ్ళ సంగతి. బండి ఉచితమే. దాన్ని నడపడం ఉచితం కాదు. బీమా కట్టాలి, టైర్లు మార్చాలి, డ్రైవరుకు జీతమివ్వాలి. రోగుల దగ్గర డబ్బు తీసుకుని తిప్పితే అది కిరాయి బండి లెక్కలోకి వస్తుంది, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు ప్లేటు కావాలి. అన్నిటికంటే పెద్దది బ్యాటరీ. చాలా కంపెనీల కార్లకు ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు అనే వారంటీ ఉంటుంది. అందులో ఎంత మిగిలింది? కొత్త యజమానికి వర్తిస్తుందా? సర్వీసు సెంటరులో బ్యాటరీ సత్తువ పరీక్ష చేయించి, ఆ కాగితం చేతికివ్వాలి. లేకపోతే రెండేళ్ళకు లక్షల రూపాయల ఖర్చు వాళ్ళ ముందు నిలబడుతుంది. అప్పుడు వాళ్ళు బండిని ఏం చేస్తారు? చెట్టు కింద వదిలేస్తారు. మన ఇంటి ముందు చెత్త కాకూడదనుకున్నది వాళ్ళ వాకిట్లో చెత్త అవుతుంది. మనమేమో "ఇచ్చాం" అనుకుంటూ ఉంటాం.

ఆ బ్యాటరీకి కూడా ఆనందుని గుడ్డలాగా తర్వాతి బతుకు ఉంది. కారును లాగలేని బ్యాటరీ సోలారు కరెంటును నిల్వ చేసి దీపాలు వెలిగించగలదు. అది తెలిసినవాళ్ళ చేతి పని, సొంత ప్రయోగం చేస్తే అంటుకుంటుంది. ఆ తర్వాత దానిలోని లోహాలను తిరిగి తీయవచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదే. కాబట్టి ఆఖరున బ్యాటరీని ఎక్కడ అప్పగించాలో కూడా ఇచ్చే రోజే చెప్పాలి.

అమ్మి డబ్బిస్తే తక్కువా?

కొందరికి వస్తువు ఇస్తేనే దానం, డబ్బిస్తే చందా అనిపిస్తుంది. మళ్ళీ విశాఖ దగ్గరికే వెళ్దాం. ఆమెకు వెలకట్టలేని నగ ఒకటి ఉండేది. ఒకనాడు దాన్ని విహారంలో మరిచిపోయి వచ్చింది. ఆనందుడు దాన్ని తీసి జాగ్రత్త చేశాడు. ఇక అది సంఘానిదే అనుకుంది విశాఖ. కానీ భిక్షువులు నగ ఏం చేసుకుంటారు? అమ్మకానికి పెట్టించింది. కొనగలిగినవాళ్ళు దొరకలేదు. తానే ఆ ధర చెల్లించి, ఆ డబ్బుతో శ్రావస్తిలో పూర్వారామ విహారం కట్టించింది. తీసుకునేవాళ్ళకు పనికొచ్చే రూపంలోకి దానాన్ని మార్చింది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళను అడిగితే చెబుతారు. అక్కడ పాత కారును సేవాసంస్థకివ్వడం మామూలు విషయం. చాలా సంస్థలు ఆ కారును వాడుకోవు, వేలంలో అమ్మి డబ్బు వాడుకుంటాయి. ఒకప్పుడు జనం కారుకు ఇష్టమొచ్చిన ధర వేసి పన్ను తగ్గించుకునేవాళ్ళు. 2005 నుంచి సంస్థ దాన్ని అమ్మితే వచ్చిన ధరకే సాధారణంగా మినహాయింపు అన్నారు. ఇక్కడ ఆదాయపు పన్ను చట్టం కింద వస్తురూపంలో ఇచ్చిన దానానికి మినహాయింపే లేదు. డబ్బుగా, అదీ 2,000 రూపాయలు దాటితే నగదు కాకుండా ఇస్తేనే వర్తిస్తుంది. పన్ను కోసం దానం చేయమని కాదు. "కారిస్తే పన్ను తగ్గుతుంది" అని ఎవరైనా చెబితే మోసపోవద్దని.

గూడెంలో తిరగడానికి పాత కారు కంటే జీపో, ఆటోనో, నెలనెలా డీజిలు ఖర్చో ఎక్కువ పనికొస్తుందని వాళ్ళంటే, అమ్మి ఆ డబ్బివ్వడమే గౌరవం. మన కారు మీద మన పేరుతో స్టిక్కరు ఉండదు, అంతే.

పొగ ఎటు పోయింది?

ఇంకో మాట. "పాతది దానం చేసి కొత్త కరెంటు కారు కొన్నాను, పర్యావరణానికీ మేలే" అనుకోవడం తేలిక. ప్రతీత్య సముత్పాదం చదివినవాళ్ళం మనం. ఏదీ ఒంటరిగా పుట్టదని తెలుసు. మన జిల్లాలో కారు పొగ కక్కకపోతే పాల్వంచ కేటీపీఎస్ గొట్టం కక్కుతుంది. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ స్టేషన్ 1,080 మెగావాట్లది, అదీ బొగ్గుదే. ఆ బొగ్గు కోసం ఓపెన్‌కాస్టులు తవ్వినప్పుడు లేచిపోయిన ఊళ్ళెవరివో మనకు తెలుసు. చాలా బ్యాటరీల్లో ఉండే కోబాల్టులో ఎక్కువ భాగం ఆఫ్రికాలోని కాంగో నుంచి వస్తుంది, అక్కడి చిన్న గనుల్లో పసిపిల్లలు పనిచేస్తున్నారు.

అయితే కరెంటు కారు వద్దని కాదు. పెట్రోలు బండి కంటే అది మేలే. కానీ పాతది దానం చేశాం కాబట్టి కొత్తది కొనడం తప్పు కాదని సర్దిచెప్పుకోవద్దు. నిన్న రోడ్డు మీద ఒక బండి, ఇవాళ రెండు. మన కోరికకు దానం ముసుగు కాకూడదు.

"మనసుతో పనేముంది?"

ఒక గట్టి ప్రశ్న మిగిలింది. "ఆసుపత్రికి చేరిన రోగికి ఇచ్చినవాడి మనసుతో పనేముంది? ఫోటో కోసం ఇచ్చినా, వదిలించుకోవడానికి ఇచ్చినా ప్రాణం నిలబడితే చాలదా?"

ఈ మాటలో నిజముంది. ప్రాణం నిలబెట్టిన బండిని మనం తప్పుపట్టం. కానీ ఇచ్చినవాడి మనసు లోపల దాక్కుని ఉండదు. టైర్లలో కనిపిస్తుంది, కాగితాల్లో కనిపిస్తుంది, చార్జరు కేబుల్ ఇచ్చాడా లేదా అన్న దాంట్లో కనిపిస్తుంది. గౌరవం ఉన్నవాడు బండి కడిగి, రిపేరు చేయించి, మొదటి ఏడాది బీమా కట్టి, "అక్కా, ఈ బండి ఇంత దూరమే పోతది, ఇంతకంటే పోదు" అని నిజం చెప్పి ఇస్తాడు. గౌరవం లేనివాడు ఫ్లెక్సీ కట్టించి ఇస్తాడు. రోగి క్షేమం ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. అందుకే తథాగతుడు వస్తువును, మనసును విడదీయకుండా చెప్పాడు.

పశ్చిమ బెంగాల్ జల్‌పాయీగుడి ప్రాంతంలో కరీముల్ హక్ అనే తేయాకు తోట కార్మికుడున్నాడు. అంబులెన్సు దొరక్క తల్లి చనిపోయింది. తర్వాత తన మోటారు సైకిలు మీదే రోగులను ఆసుపత్రికి చేర్చడం మొదలుపెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బండి ఖరీదు చిన్నదే. కానీ దాన్ని నడిపే భారం తానే మోశాడు. తన చేత్తో ఇవ్వడమంటే అదే.

ఇంకొక జాగ్రత్త కూడా. రోడ్డు, ఆసుపత్రి, అంబులెన్సు ప్రజల హక్కు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. అది గూడెం దాకా రావాలని అడగడం బాబాసాహెబ్ రాజ్యాంగం ఇచ్చిన అధికారం. మన పాత కారు వచ్చింది కదా అని ఆ అడగడం ఆగిపోతే, మనం మేలు చేసి హక్కును చంపినట్టు. అట్లాగే కారు వెనక మన జెండా, మన ప్రార్థన పెట్టి తోలవద్దు. కోయల దేవతలు కోయలవి. దానం ఎర కాదు. ధమ్మాన్ని వచ్చి చూసి తెలుసుకోమన్నాడు తథాగతుడు, ఆశ చూపి రప్పించమనలేదు.

విధికుని వారసులం

అమరావతి స్తూపానికి రాజులతో పాటు మామూలు జనం కూడా దానాలిచ్చారు. అక్కడి ఒక శాసనంలో విధికుడు అనే చర్మకారుడి పేరుంది. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి ఫలకం ఇచ్చాడు. చెప్పులు కుట్టిన చెయ్యి ఇచ్చిన రాయి రాజులిచ్చిన రాళ్ళ పక్కనే, అదే స్తూపానికి ఎక్కింది. మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలోనూ ఆ కాలపు మహాస్తూపం ఉంది. మనం తీసుకున్నవాళ్ళమే కాదు, ఇచ్చినవాళ్ళం కూడా. ఆ ఇవ్వడంలో కింద, మీద లేవు.

కాబట్టి కరెంటు కారు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. ముందు వెళ్ళి అడగండి. బ్యాటరీ పరీక్ష చేయించండి. దారి దూరం లెక్కవేయండి. పేరు మార్చండి, బీమా కట్టండి. వద్దంటే అమ్మి డబ్బివ్వండి. ఇచ్చాక ఆరు నెలలకోసారి పోయి బండి ఎట్లుందో, మనుషులు ఎట్లున్నారో చూసి రండి. ఆ బండిలో మన అమ్మను ఎక్కించి రాత్రిపూట చర్ల దారిన పంపడానికి మనసొప్పుతుందా అని అడుక్కోండి. ఒప్పితే అది దానం. ఒప్పకపోతే, ఒప్పేదాకా బాగుచేయించండి.

నమో బుద్ధాయ! జై భీమ్!